కాచుకొని ఉండే వల

పాఠ్యభాగ ఉద్దేశం

మధ్యధరా సముద్రతీరంలోని మత్స్యకారులు శతాబ్దాల తరబడి అనుసరించిన ట్యూనా వేట పద్ధతిని పరిచయం చేయడం, ఒక పనిముట్టుకూ దానిని వాడే సమాజానికీ మధ్య ఉండే సంబంధాన్ని వివరించడం, ప్రకృతి ఇచ్చే సంపదను అనుభవించడంలో మనిషి పాటించవలసిన మితిని గూర్చి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రవేశిక

మత్స్యకారుడు అనగానే పడవ ఎక్కి, చేపను వెదుక్కుంటూ నడిసముద్రానికి సాగిపోయే మనిషి మన కళ్లముందు మెదులుతాడు. కాని చేప ఏ ఋతువులో ఏ దారిన వస్తుందో ముందే ఎరిగినవారు దాని వెంట పరుగెత్తనక్కరలేదు. ఆ దారిలో వల పన్ని, ఓపికతో కాచుకొని ఉంటే చాలు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ తీరాలలోని జాలరులు ట్యూనా చేపను పట్టడానికి ఇటువంటి స్థిరమైన వలలనే వాడారు. ఇటలీలో దీనిని 'తొన్నారా' అనీ, స్పెయిన్‌లో 'అల్మద్రాబా' అనీ అంటారు. అల్మద్రాబా అనే మాట అరబ్బీ భాషనుండి వచ్చింది. 'కొట్టే చోటు' అని దాని అర్థం. శతాబ్దాలు నిలిచిన ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం చివరికి అనేక తీరాలలో కనుమరుగయింది. అది అంతకాలం ఎట్లా నిలిచింది? ఎందుకు అంతరించింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదికితే సముద్రాన్ని గూర్చియే గాక మనిషి స్వభావాన్ని గూర్చి కూడా కొంత తెలుస్తుంది.

చేప దారి

ఈ వలలలో పడే చేప నీలిరెక్కల ట్యూనా. ఆంధ్రతీరపు మత్స్యకారులు 'సూర' అని పిలిచే చేపలు దీనికి దాయాదులే. అయితే బంగాళాఖాతంలో దొరికే జాతులు వేరు, అట్లాంటిక్ మహాసముద్రంలో పెరిగే ఈ జాతి వేరు. పూర్తిగా ఎదిగిన నీలిరెక్కల ట్యూనా మూడు మీటర్ల పొడవు, ఆరు వందల కిలోలకు పైగా బరువు ఉండవచ్చు. సాధారణంగా చేపల శరీరం చుట్టూ ఉన్న నీటి చలువనే పొందుతుంది. ట్యూనా అట్లా కాదు. దాని రక్తనాళాల అమరిక కండరాలలో పుట్టిన వేడిని బయటికి పోనీయకుండా నిలుపుతుంది. అందువల్లనే అది చల్లని ఉత్తర జలాలలోనూ, వెచ్చని దక్షిణ జలాలలోనూ ఒకే బలంతో ఈదగలదు. మహాసముద్రాన్నే ఒక దరినుండి మరొక దరికి దాటగలదు.

అట్లాంటిక్‌లో మేతమేసి బలిసిన ఈ చేపలలో తూర్పు తెగకు చెందినవి గుడ్లు పెట్టడానికి మధ్యధరా సముద్రానికి వస్తాయి. రెండు సముద్రాలకూ నడుమ ఉన్న వాకిలి జిబ్రాల్టర్ జలసంధి. దాని అతి సన్నని చోట వెడల్పు సుమారు పద్నాలుగు కిలోమీటర్లు. ఏప్రిల్ నుండి జూన్ వరకు ట్యూనా గుంపులు ఈ వాకిలి గుండా లోపలికి వస్తాయి. గుడ్లు పెట్టిన తరువాత వేసవిలో తిరిగి బయటికి పోతాయి. ఇంత విశాలమైన సముద్రంలో ఇంత ఇరుకైన దారి, ఏటా తప్పని ఈ రాకపోకలు! తీరవాసులకు ఇంతకంటె పెద్ద వరం వేరే ఏముంటుంది?

ఈ ప్రయాణం ప్రాచీనులను ఆశ్చర్యపరచింది. క్రీ.పూ. నాలుగవ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ జంతువులను గూర్చి రాసిన గ్రంథంలో ట్యూనా వలసను ప్రస్తావించాడు. ఈ చేపకు కుడికన్ను బాగా కనిపిస్తుందనీ, అందుకే అది కుడివైపు తీరాన్ని అంటిపెట్టుకొని ఈదుతుందనీ ఆ కాలపు నమ్మకాన్ని నమోదు చేశాడు. కారణం సరియైనది కాకపోవచ్చు. కాని చేప తీరాన్ని అనుసరించి వస్తుందన్న పరిశీలన జాలరి అనుభవం నుండి పుట్టినది. స్థిరమైన వల కట్టుబడికి ఆ పరిశీలనయే పునాది.

వలలతో కట్టిన నగరం

తొన్నారాను వల అనడం కంటె నీటిలో నిర్మించిన కట్టడం అనడం సమంజసం. తీరానికి దగ్గరనుండి లోతునీటి వైపుకు కిలోమీటర్ల పొడవున ఒక వలగోడ నిలుస్తుంది. పైన తేలే బెండ్లు, కింద బరువులు, ఇరుపక్కలా వందలాది లంగర్లు దానిని నిలిపి ఉంచుతాయి. తీరం వెంట ఈదుతూ వచ్చిన ట్యూనా గుంపుకు ఈ గోడ అడ్డు తగులుతుంది. ఆ గోడ కన్నులు పెద్దవి. చిన్న చేపలు వాటిగుండా సునాయాసంగా వెళ్లిపోతాయి. ట్యూనా మాత్రం గోడను ఢీకొనదు. అడ్డు తగలగానే లోతైన నీరు క్షేమమని తలచి అటువైపుకు మళ్లుతుంది. ఎటు మళ్లితే క్షేమమనుకుంటుందో అటువైపునే జాలరి ద్వారం తెరచి ఉంచుతాడు.

ద్వారం లోపల దీర్ఘచతురస్రాకారంలో వరుసగా గదులు ఉంటాయి. గదికీ గదికీ మధ్య వలతో చేసిన తలుపు ఉంటుంది. ఒక గదిలో చేపలు చేరిన తరువాత వెనుక తలుపు మూసి, ముందు తలుపు తెరచి, మెల్లమెల్లగా వాటిని లోపలికి నడిపిస్తారు. చేపలు కొన్ని రోజులపాటు ఈ గదులలో తిరుగుతూనే ఉంటాయి. చిట్టచివరి గదిని సిసిలీ జాలరులు 'చావుగది' అన్నారు. గదులన్నింటిలో దానికి మాత్రమే అడుగున కూడా వల ఉంటుంది. ఆ అడుగును పైకి లాగితే చేపలు నీటిమట్టానికి వస్తాయి.

ఈ కట్టడాన్ని ఏటా కొత్తగా నిలపాలి. చలికాలం చివర తాళ్లు పేని, చిరిగిన వలలు అల్లి, లంగర్లు సిద్ధం చేసేవారు. వసంతంలో సముద్రంలో దింపి, వేసవిలో వేట ముగియగానే విప్పి ఒడ్డుకు చేర్చేవారు. నైలాను రాకముందు గడ్డినార, జనపనార, కొబ్బరిపీచు వంటి వాటితోనే ఈ వలలు తయారయ్యేవి. వేట జరిగేది కొన్ని వారాలు. దానికి కావలసిన శ్రమ మాత్రం నెలల తరబడి సాగేది. ఊరిలోని వడ్రంగి, కమ్మరి, తాళ్లు పేనేవాడు, ఉప్పు పట్టేవాడు అందరికీ ఇందులో పని ఉండేది. ఆ విధంగా తొన్నారా ఒక వేట పద్ధతి మాత్రమే కాదు, ఒక ఊరి జీవనోపాధి.

చరిత్రలో, సాహిత్యంలో ట్యూనా

సిసిలీ పశ్చిమతీరానికి దగ్గరలో ఎగాది అనే దీవుల సముదాయం ఉంది. వాటిలో ఒకటైన లెవాంజో దీవిలోని గుహలో నవీన శిలాయుగపు మానవుడు గీసిన చిత్రాలున్నాయి. వాటిలోని ఒక చేప బొమ్మను పరిశోధకులు ట్యూనాగా గుర్తించారు. అనగా ఈ చేపకూ ఆ తీరపు మనిషికీ ఉన్న పరిచయం లిపి పుట్టుకకంటె పాతది.

స్పెయిన్ దక్షిణతీరంలోని కాదిజ్ నగరాన్ని నిర్మించినవారు ఫినీషియను వర్తకులు. ఆ నగరపు ప్రాచీన నాణేల మీద ట్యూనా బొమ్మ కనిపిస్తుంది. తరువాత రోమనుల కాలంలో, తరీఫా సమీపాన బేలో క్లౌదియా అనే పట్టణం వెలసింది. చేపలను ఉప్పులో ఊరవేసిన తొట్లు ఆ శిథిలాలలో నేటికీ చూడవచ్చు. అక్కడ తయారైన ఉప్పుచేప, చేపల పులుసు జాడీలకెక్కి రోమను సామ్రాజ్యపు దూరప్రాంతాలకు చేరేవి.

సాహిత్యంలోనూ ఈ వేట చోటు చేసుకొంది. క్రీ.పూ. 480లో సలామిస్ వద్ద జరిగిన నౌకాయుద్ధంలో గ్రీకులు పారసీకులను ఓడించారు. ఎనిమిదేళ్ల తరువాత, క్రీ.పూ. 472లో, ఎస్కిలస్ ఆ యుద్ధం ఆధారంగా 'పారసీకులు' అనే నాటకాన్ని ప్రదర్శించాడు. అందులో ఓడిన సైనికులను తెడ్డుముక్కలతో కొట్టి చంపిన తీరును, వలలో పడ్డ ట్యూనా చేపలను కొట్టడంతో పోల్చాడు. ప్రేక్షకులు ఎరుగని దృశ్యంతో కవి ఉపమానం కట్టడు. ఆ ఉపమ సార్థకమైనదంటే ట్యూనా వేట ఆనాటి ఏథెన్సు ప్రజలకు సుపరిచితమని భావించవచ్చు. క్రీ.శ. రెండవ శతాబ్దంలో ఒప్పియన్ అనే గ్రీకు కవి చేపల వేటను గూర్చియే ఒక కావ్యం రచించాడు. కొండమీద నిలిచి గుంపుల రాకను కనిపెట్టే కావలివానిని, వాకిళ్లు, లోగిళ్లు, ద్వారపాలకులు ఉన్న నగరంవలె పన్నిన వలలను అతడు వర్ణించాడు. నేటి తొన్నారాను చూసినవారికి ఆ వర్ణన కొత్తగా తోచదు.

అయితే అన్ని కాలాలలో, అన్ని తీరాలలో ఒకే విధమైన వల ఉండేదని చెప్పలేము. స్పెయిన్‌లో చాలాకాలం వేరొక పద్ధతి నడిచింది. తీరంలో ఎత్తైన బురుజు మీద కావలివాడు నిలిచేవాడు. గుంపు కనబడగానే అతడు సైగ చేస్తే పడవలు వెళ్లి వలతో చుట్టుముట్టేవి. వందలాది మనుషులు ఒడ్డున నిలిచి ఆ వలను లాగేవారు. పదమూడవ శతాబ్దం చివరినుండి కాదిజ్ తీరంలో ఈ వేట హక్కు ఒకే ప్రభువంశం చేతిలో ఉండేది. తరువాతి కాలంలో మెదినా సిదోనియా ప్రభువులుగా పేరొందినవారు వీరే. 1588లో ఇంగ్లండు మీదికి దండెత్తిన స్పానిష్ నౌకాదళానికి నాయకత్వం వహించినవాడు ఈ వంశీయుడే. పదహారవ శతాబ్దంలో కొన్ని ఏళ్లలో లక్షకు పైగా చేపలు వీరి వలలలో పడ్డాయి. జహరా అనే ఊరిలోని అల్మద్రాబాకు వేటకాలంలో నలుమూలలనుండి కూలీలు, దేశదిమ్మరులు, జూదరులు చేరేవారు. 1613లో వెలువడిన సెర్వాంటెస్ కథాసంపుటిలోని ఒక కథలో ఈ వాతావరణం సజీవంగా కనిపిస్తుంది.

ఫావిన్యానా: రాయిస్, పాట, మత్తాంజా

స్థిరమైన వల తన సంపూర్ణరూపాన్ని పొందిన చోటు సిసిలీ. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దం నుండి పదకొండవ శతాబ్దం వరకు ఆ ద్వీపం అరబ్బుల పాలనలో ఉంది. ఆ కాలపు ముద్ర తొన్నారా పదజాలం మీద నేటికీ మిగిలింది. వేట బృందానికి నాయకుడైన వానిని 'రాయిస్' అంటారు. అరబ్బీలో ఆ మాటకు పెద్ద, అధిపతి అని అర్థం.

ఎగాది దీవులలో పెద్దదైన ఫావిన్యానా ఈ వేటకు పేరుపొందింది. 1874లో ఇగ్నాజియో ఫ్లోరియో అనే వ్యాపారి ఈ దీవులను కొని, అక్కడ పెద్ద కర్మాగారాన్ని నిర్మించాడు. ఉడికించిన ట్యూనాను నూనెలో ఉంచి, డబ్బాలలో మూసి విదేశాలకు పంపే పరిశ్రమ అట్లా పెరిగింది. దీవిలోని స్త్రీపురుషులు అనేకులు ఆ కర్మాగారం మీద ఆధారపడి బ్రతికారు.

వేటకు సంబంధించిన నిర్ణయాలన్నీ రాయిస్‌వే. వలను ఎక్కడ నిలపాలి, ఏ రోజు తలుపు తెరవాలి, చావుగదిని ఎప్పుడు పైకి లాగాలి అన్నవి అతడు నిశ్చయించేవాడు. గాలి దిక్కు, నీటి రంగు, ప్రవాహపు వేగం అతని శాస్త్రగ్రంథాలు. ఆ విద్య బడిలో నేర్చినది కాదు. పెద్దవారి పక్కన పడవలో ఏళ్ల తరబడి కూర్చుండి, చూసి, విని, చేతితో పట్టి నేర్చినది.

చేపలను పట్టే తుది ఘట్టం పేరు 'మత్తాంజా'. చంపడం అని దాని అర్థం. ఆ రోజున పెద్ద పడవలు చావుగది చుట్టూ నాలుగు దిక్కులా చతురస్రంగా నిలుస్తాయి. మధ్యలో చిన్న పడవ మీద రాయిస్ నిలుచుంటాడు. అతడు ఆజ్ఞ ఇవ్వగానే జాలరులు అడుగువలను చేతులతో పైకి లాగడం మొదలుపెడతారు. బరువు భరించలేనిది, అందరూ ఒక్కసారి లాగితేగాని వల కదలదు. అందుకే పాట కావాలి. ఒకడు చరణం అందుకుంటే మిగిలినవారు పల్లవి పలుకుతారు. ఈ పాటలను 'చాలోమే' అంటారు. వాటిలో దైవప్రార్థన ఉంది, వేళాకోళం ఉంది, ఊపిరి కలిపే లయ ఉంది. నాట్లు వేసే స్త్రీల పాటలో, బరువులు లాగే కూలీల పాటలో తెలుగువారు ఎరిగిన శ్రమసంగీతమే అది.

వల పైకి వచ్చేకొద్దీ నీరు కాగుతున్నట్లు కదులుతుంది. భారీ చేపలు తోకలతో నీటిని చిందరవందర చేస్తాయి. పడవ అంచున నిలిచినవారు జట్లుగా కూడి, కొక్కేల కర్రలతో ఒక్కొక్క చేపను తగిలించి లోపలికి లాగుతారు. కొంతసేపటికి సముద్రం ఎర్రబడుతుంది. ఇది చూడడానికి కఠినమైన దృశ్యం. ఆ కాఠిన్యాన్ని కప్పిపుచ్చి, వేటను కేవలం పండుగగా వర్ణించడం సత్యదూరం. అయితే ఆ జాలరులు తాము చంపుతున్న ప్రాణిని ముఖాముఖి చూసినవారు. దాని బలాన్ని తమ చేతులలో అనుభవించినవారు. 1955లో ఇటలీ దర్శకుడు విత్తోరియో దె సేతా ఈ వేటను ఒక లఘుచిత్రంగా తీశాడు. మాటల వ్యాఖ్యానం లేకుండా పాటలు, నీటి చప్పుడు, మనుషుల కేకలతోనే సాగే ఆ చిత్రం ఆ లోకానికి చక్కని సాక్ష్యం.

కాచుకోవడం నుండి వెంటాడడం వరకు

స్థిరమైన వలకు ఒక స్వాభావికమైన పరిమితి ఉంది. అది కదలదు. తన దారిన వచ్చిన చేపనే పట్టగలదు. దూరంగా పోయినదానిని పట్టలేదు. సంవత్సరంలో కొన్ని వారాలే పని చేయగలదు. కాబట్టి గుంపులో కొంత భాగమే చిక్కేది. తక్కినది గుడ్లు పెట్టే చోటికి చేరేది. ఏ ఏడు ఎన్ని చేపలు పడ్డాయో యజమానులు లెక్కలు రాసి ఉంచారు. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో శాస్త్రజ్ఞులు శతాబ్దాల నాటి ఈ లెక్కలను పరిశీలించారు. సుమారు నూరు, నూట ఇరవై ఏళ్లకొకసారి చేపలు పెరగడం, తగ్గడం అనే దీర్ఘమైన ఆటుపోటులు అందులో బయటపడ్డాయి. అనగా వలలకు కరవుకాలాలు వచ్చాయి. మరల చేపలు వచ్చాయి.

ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో పరిస్థితి మారింది. గుంపును చుట్టుముట్టి అడుగున సంచివలె ముడిచే భారీ వలలు, వాటిని మోసే శక్తిమంతమైన ఓడలు, నీటిలోని చేపను శబ్దతరంగాలతో కనిపెట్టే యంత్రాలు, ఆకాశంనుండి గుంపులను వెదికే విమానాలు వచ్చాయి. జపానులో పచ్చి ట్యూనా మాంసానికి ఉన్న గిరాకీ ఈ వేటను అంతర్జాతీయ వాణిజ్యంగా మార్చింది. 1990ల మధ్యనుండి మరొక పద్ధతి వ్యాపించింది. ఓడలు పట్టిన చేపలను ప్రాణంతోనే పంజరాలలోకి మళ్లించి, నెలల తరబడి చిన్నచేపలతో మేపి, కొవ్వెక్కిన తరువాత అమ్మసాగారు. గుడ్లు పెట్టే చోటనే గుంపులకు గుంపులు చిక్కసాగాయి.

అట్లాంటిక్ ట్యూనాను కాపాడడానికి 1966లోనే ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని మేరకు ఒక కమిషన్ ఏర్పడింది. కాని హద్దు కాగితం మీద ఉండడం వేరు, నీటిమీద ఉండడం వేరు. 2007లో తూర్పు అట్లాంటిక్, మధ్యధరా జలాలలో పట్టడానికి అనుమతించినది 29,500 టన్నులు. ఆ సంవత్సరం నిజంగా పట్టినది సుమారు 61,000 టన్నులని ఆ కమిషన్‌కు చెందిన శాస్త్రజ్ఞులే అంచనా వేశారు.

రాజదండం లేని చోట పెద్దచేప చిన్నచేపను మింగుతుందని మన ప్రాచీన రాజనీతివేత్తలు చెప్పారు. దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టారు. మధ్యధరా సముద్రంలో ఆ న్యాయం చేపల మధ్యనే గాక, చేపలు పట్టేవారి మధ్య కూడా నెలకొంది. పెద్ద ఓడలు పట్టుకొనిపోగా, తీరంలోని వలలకు చేరే చేపలు తగ్గాయి. ఏ వేట వల్ల చేపకు అంత హాని జరగలేదో ఆ వేటయే ముందుగా నష్టపోయింది. సిసిలీలోని తొన్నారాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఫావిన్యానాలో చివరి మత్తాంజా 2007లో జరిగింది. సముద్రంలో ఎన్నడూ లేనంత అత్యాశ చెలరేగిన ఆ సంవత్సరమే ఆ పాట ఆగిపోవడం గమనింపదగినది. ఫ్లోరియో కర్మాగారం నేడు మ్యూజియం. అక్కడ లంగర్లు, పడవలు భద్రంగా ఉన్నాయి. కాని రాయిస్ నేర్చిన విద్యను అద్దాలపెట్టెలో పెట్టి చూపడం సాధ్యం కాదు.

హద్దు ఎవరు గీయాలి?

కథ అంతటితో ముగియలేదు. 2006లో ఆ కమిషన్ ట్యూనా పునరుద్ధరణకు ప్రణాళికను ఆమోదించింది. ముప్పై కిలోలకు తక్కువ బరువున్న చేపలను, కొద్దిపాటి మినహాయింపులతో, పట్టరాదన్న నియమం, విమానాలతో వెదకడంపై నిషేధం అందులో భాగాలు. 2010లో ఈ చేప అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాలని మొనాకో దేశం చేసిన ప్రతిపాదన దోహా సమావేశంలో వీగిపోయింది. అయినా ఆ ఒత్తిడి వృథా కాలేదు. 2011కు అనుమతించిన పరిమాణం 12,900 టన్నులకు తగ్గింది, పర్యవేక్షణ కట్టుదిట్టమయింది. క్రమంగా చేపలు మరల పెరిగాయి. 2011లో అంతరించే ముప్పు ఉన్న జాతిగా పేర్కొన్న నీలిరెక్కల ట్యూనాను, 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ ముప్పు లేని జాతుల పట్టికలోకి మార్చింది. 2023 నుండి 2025 వరకు ఏటా 40,570 టన్నులు పట్టడానికి అనుమతి లభించింది.

స్పెయిన్‌లోని కొనిల్, బర్బాతే, జహరా, తరీఫా తీరాలలో అల్మద్రాబాలు నిలిచి ఉన్నాయి. సార్డీనియా సమీపంలోని కార్లోఫోర్తేలోనూ తొన్నారా మిగిలింది. వీరు పట్టిన చేపలు కూడా కొంతవరకు జపాను విపణికే పోతాయి. తమకు కేటాయించిన బరువు పూర్తికాగానే వేట ఆపాలి. మిగిలిన చేపలు వల ముందునుండి పోతున్నా చూస్తూ ఊరుకోవాలి.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. పూర్వపు జాలరులు అందరూ నిగ్రహం గల మహానుభావులనీ, నేటివారు అందరూ లోభులనీ భావించడం సరికాదు. మెదినా సిదోనియా ప్రభువులకు లాభాపేక్ష లేదా? ఫ్లోరియో ధనం కోసం కర్మాగారం కట్టలేదా? నాటివారికి మరింత పట్టే సాధనమే ఉంటే వారూ పట్టియుండేవారే. కనుక ఆ మితి చాలావరకు మనిషి మనస్సులోనిది కాదు, అతని పనిముట్టులోనిది. కదలలేని వల మనిషి తరఫున హద్దు గీసింది. కదిలే ఓడ, చూడగల యంత్రం ఆ హద్దును చెరిపివేశాయి. పనిముట్టు హద్దు గీయని నాడు ఆ పని మనిషి స్వయంగా చేయవలసి వచ్చింది. నియమం, పర్యవేక్షణ, అంగీకారం అనే మూడు లంగర్లతో అతడు కొత్త గోడను నిలపవలసి వచ్చింది. ఆ గోడ నిలిచినన్నాళ్లు చేప వస్తుంది.

యంత్రశక్తి పెరిగిన ప్రతి రంగంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. చేతిమోటతో నీరు తోడిన రైతుకు బావి తానే హద్దు చెప్పేది. విద్యుత్తు మోటారుకు బావి చెప్పే మాట వినబడదు. గొడ్డలి పట్టినవానిని అలసట ఆపేది; యంత్రపు రంపానికి అలసట లేదు. చేయగలిగినదంతా చేయవచ్చునా అన్న విచారణ మన పూర్వులకు అంతగా అవసరం పడలేదు, ఎందుకంటే వారు చేయగలిగినది కొంచెమే. నేటి తరానికి ఆ విచారణ తప్పదు. ఏటా వసంతంలో జిబ్రాల్టర్ వాకిలి దాటి వచ్చే ఆ చేప, మనిషి ఈ పాఠం ఎంతవరకు నేర్చాడో తన రాకతోనే చెబుతుంది.

అర్థాలు

దాయాదులు = ఒకే వంశానికి చెందినవారు
జలసంధి = రెండు సముద్రాలను కలిపే సన్నని నీటిదారి
సమంజసం = తగినది
లోగిలి = ఇంటి ఆవరణ
బురుజు = కోటమీది ఎత్తైన కట్టడం
స్వాభావికం = సహజంగా ఉన్నది
విపణి = అంగడి, బజారు
నిగ్రహం = అదుపు

వ్యాకరణాంశాలు

సంధులు:
జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణసంధి)
అత్యాశ = అతి + ఆశ (యణాదేశసంధి)
లాభాపేక్ష = లాభ + అపేక్ష (సవర్ణదీర్ఘసంధి)
పరుగెత్తు = పరుగు + ఎత్తు (ఉత్వసంధి)

సమాసాలు:
మత్స్యన్యాయం = మత్స్యముల యొక్క న్యాయం (షష్ఠీ తత్పురుష)
స్త్రీపురుషులు = స్త్రీలును, పురుషులును (ద్వంద్వ సమాసం)
మహాసముద్రం = గొప్పదైన సముద్రం (విశేషణ పూర్వపద కర్మధారయం)
నాలుగు దిక్కులు = నాలుగు సంఖ్యగల దిక్కులు (ద్విగు సమాసం)

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. తొన్నారా నిర్మాణాన్ని, అందులో ట్యూనా చిక్కే విధానాన్ని వివరించండి.
2. "ఆ మితి మనిషి మనస్సులోనిది కాదు, అతని పనిముట్టులోనిది." పాఠ్యభాగం ఆధారంగా ఈ వాక్యాన్ని సమీక్షించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ప్రాచీన గ్రీకు సాహిత్యంలో ట్యూనా వేట ప్రస్తావనలను తెలపండి.
2. మత్తాంజాలో పాటకు ఉన్న స్థానం ఏమిటి?
3. ఫావిన్యానాలో ట్యూనా వేట ఆగిపోవడానికి దారితీసిన పరిస్థితులు ఎట్టివి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. అల్మద్రాబా అనే మాటకు అర్థం ఏమిటి?
2. రాయిస్ అని ఎవరిని పిలుస్తారు?
3. చావుగదికీ మిగిలిన గదులకూ గల తేడా ఏమిటి?

భాషాకృత్యం

మనదేశపు తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, యాంత్రిక పడవలతో సముద్రంలో చేపలవేటను నిషేధిస్తున్నారు. ఈ నియమం ఎందుకు అవసరమో, ఆ రోజులలో మత్స్యకార కుటుంబాలు ఎదుర్కొనే ఇబ్బందులేమిటో తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.